గాజుపెట్టెలోని పామునకు పుట్ట యేది?

పాము కుబుసము విడుచుటను మన పూర్వులు అనాయాసమైన త్యాగమునకు దృష్టాంతముగా గ్రహించిరి. బృహదారణ్యకోపనిషత్తు ఆత్మ వదలిన దేహమును పుట్టపై పడియున్న కుబుసముతో పోల్చినది. ఆ పోలికలో పాముతోపాటు పుట్టయు కలదన్న సంగతిని మనము గమనింపము. నేడు మన నగరములలో కొందరు విదేశసర్పములను, అందును బాల్ పైథాను అనబడు చిన్న కొండచిలువను, గాజుపెట్టెలలో పెంచుచున్నారు. వేళకు ఆహారమిచ్చుచున్నారు, వెచ్చదనమునకై దీపము నమర్చుచున్నారు. అయినను కుబుసము ముక్కలై దేహమునకు అంటుకొనిపోయిన నాడు, దానిని గోళ్లతో గీరుటకో పట్టకారుతో లాగుటకో పూనుకొనుచున్నారు. అట్టి సమయమున చికిత్స కావలసినది పాము చర్మమునకు కాదు, అది నివసించు పెట్టెకని నా దృఢాభిప్రాయము.

సర్పచర్మపు బాహ్యస్తరము దేహముతోపాటు పెరుగునది కాదు. కాన దాని క్రింద నూతనస్తరము సంపూర్ణముగా నేర్పడిన పిమ్మట, ఆ రెండింటి నడుమ ద్రవము చేరి పాతదానిని క్రొత్తదానినుండి వేరుపరచును. అప్పుడు దేహకాంతి మాసిపోవును; కన్నులు నీలి కలిసిన పాలరంగు దాల్చును. పామునకు కదలు రెప్పలు లేవు. కంటిని కప్పియుండు పారదర్శకమైన పొలుసొకటి కలదు, అదియు కుబుసముతోపాటే ఊడవలయును. ఆ దినములలో చూపు మందగించుటచే పాము చిన్న అలికిడికే బెదరును, పెక్కుసార్లు ఆహారమును ముట్టదు. ఎరుగనివారు దానికి అంధత్వము ప్రాప్తించినదని భయపడుదురు. కొన్ని దినములకు కన్నులు తిరిగి నిర్మలములు కాగా, గండము గడచినదని సంతసింతురు. నిజమునకు కుబుసము విడుచుట అప్పటికింకను ఆరంభమే కాలేదు. మరికొన్ని దినములు గడచిన వెనుక పాము తన మూతిని గరుకైన రాతికో కొమ్మకో రాపాడించి, పెదవుల యంచున చర్మమును సడలించి, ఇరుకైన తావులలో ప్రాకుచు, కాలి మేజోడును తిరగదీసినట్లు, తల మొదలు తోక కొనవరకు ఒకే తొడుగుగా దానిని విడిచివేయును. ఆరోగ్యముగా నున్న పామునకు ఈ కార్యమున మానవహస్తపు సాయము ఏమాత్రమును అక్కరలేదు.

బాల్ పైథాను పశ్చిమ, మధ్య ఆఫ్రికాలకు చెందిన జీవి. ఘానా, టోగో, బెనిన్ దేశములనుండి ఇది విశేషముగా లోకమునకు ఎగుమతి యగుచున్నది. అచ్చటి పచ్చికబయళ్లలో అది పగలెల్ల ఎలుకల కలుగులలోను చెదపుట్టలలోను దాగియుండి, రాత్రివేళ ఆహారమునకై వెలువడును. వెలుపల వేసవిగాలి ఎంత పొడిగా వీచుచున్నను, పుట్టలోని గాలి తేమ కోల్పోదు; చెదలు తమ మనుగడకై కాపాడుకొను ఆ తేమయే అతిథిగా వచ్చిన పామునకును ఉపకరించును. మన నాగుపాము సయితము పుట్టను ఆశ్రయించుట ఊరక జరిగినది కాదు.

అట్టి జీవిని తెచ్చి హైదరాబాదులోని ఒక బహుళాంతస్తుల భవనమున నిలిపితిమనుకొందము. ఏప్రిల్ మాసపు మధ్యాహ్నము వెలుపలి గాలిలో తేమ 30 శాతమునకు దిగువనుండుట ఆ నగరమున సామాన్యము. లోపల ఏసీ యంత్రము ఆ గాలినుండి ఉన్న తడిని సైతము పీల్చును. పెట్టెపై వెలుగు దీపము, జల్లెడవంటి మూత మిగిలిన దానిని హరించును. ఈ పామునకు మామూలు దినములలో ఇంచుమించు 60 శాతము, కుబుసకాలమున 70 శాతము లేదా అంతకు పైన తేమ కావలయును. అది లభింపనిచో పాతపొర ఎండి, చీలికలై, క్రొత్తపొరను విడువక పట్టుకొనును. తోకకొనయందు మిగిలిన చిన్నవలయము ప్రతి కుబుసమునకును మరింత బిగిసి, రక్తప్రసారము నాపి, ఆ కొనను కుళ్లిపోవునట్లు చేయగలదు. కంటిపొలుసు ఊడక మిగిలినచో దానిపై మరియొకటి పేరుకొని చూపును క్రమముగా మరుగుపరచును.

ఇట్టి స్థితిలో పామును చూచిన యజమానికి జాలి కలుగుట సహజమే. ఆ జాలియే అతనిచే ఘోరమైన తప్పును చేయించును. ఎండిన పొరను బలవంతముగా లాగినచో, దాని క్రింద ఇంకను గట్టిపడని నూతనచర్మము కూడ చిరిగి రావచ్చును. కంటిపై పట్టకారు పెట్టుట అంతకంటె దారుణము. పాత పొలుసుతోపాటు క్రొత్తది ఊడివచ్చినచో ఆ కన్ను ఎండి నశించును. నూనె పూసి మెత్తపరుతమనువారు కలరు కాని, నూనె నీటి కొరతను తీర్పజాలదు.

చేయవలసిన సాయము వేరు. పాము దేహమంతయు ఇముడునంత చిన్న డబ్బాకు ద్వారము చేసి, లోపల తడిపి పిండిన నాచునో గుడ్డనో పరచి, కన్నులు మసకబారిన మొదటి దినముననే పెట్టెలో వెచ్చనివైపున నుంచవలెను. మనము పామునకు కట్టి యీయగల పుట్ట యిదియే. పాము చుట్టచుట్టుకొని కూర్చుండదగిన వెడల్పాటి నీటిపళ్లెము, మూతిని రాచుకొనుటకు ఒక గరుకురాయి, తేమను చూపు హైగ్రోమీటరు ఒకటి తోడుగా నుండవలెను. అప్పటికిని పొర మిగిలినచో, 30 డిగ్రీల సెల్సియస్ దాటని గోరువెచ్చని నీటిని పాము వీపు మునుగనంత లోతున పోసి, అరగంటసేపు ప్రక్కనే యుండి కనిపెట్టుచు దానిని అందుంచి, పిదప తడిగుడ్డ మడతలలోనుండి ప్రాకనిచ్చినచో, పాము తన బలముతోనే ఆ పొరను వదల్చుకొనును. కంటిపొలుసు మాత్రము మిగిలినచో తేమను పెంచి మరుసటి కుబుసమువరకు వేచియుండుటయో, సరీసృపముల చికిత్స నెరిగిన పశువైద్యుని చూపుటయో మేలు. తేమ చాలినంత ఉండియు కుబుసము మరల మరల చెడుచున్నచో, పొలుసుల సందులలో దాగి రక్తము పీల్చు సన్నని పరాన్నజీవులో, పోషకాహారలోపమో, పాతగాయమో, లోపల దాగిన రోగమో కారణము కావచ్చును. అప్పుడు వైద్యుడే శరణ్యము.

తేమ మేలన్నంతనే పెట్టెనంతటిని బురదగా చేయువారికి ఒక హెచ్చరిక యవసరము. ఎల్లవేళల తడిసిన నేలపై పడియున్న పామునకు కడుపు పొలుసులపై బొబ్బలును పుండ్లును లేచును. ఒక మూల తడి, తక్కినచోట పొడి, పైన గాలి యాడుటకు దారి, ఈ మూడును కలిసి యుండవలెను.

విడిచిన కుబుసమును వెంటనే పారవేయక విప్పి పరీక్షించు అలవాటును ప్రతి పెంపకందారుడును చేసికొనవలెను. తలభాగమున రెండు కంటిపొలుసులు గుండ్రని పారదర్శకబిళ్లలై కనబడుచున్నవా? తోకకొన చెడక వచ్చినదా? కుబుసము పాముకంటె పొడవుగా నున్నందుకు ఆశ్చర్యపడనక్కరలేదు. పొలుసుల మధ్య మడతపడియున్న చర్మము విప్పారుటచే అట్లగును.

ఈ శ్రమ ఒకనాటితో తీరునది కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు 1961లో వచ్చిన ఒక బాల్ పైథాను, 60 ఏండ్లు దాటిన వయస్సున, 2020లో గ్రుడ్లు పెట్టినది. అంతటి దీర్ఘాయువు అన్నింటికి లభింపకున్నను, బాగుగా పెంచిన పాము 20, 30 ఏండ్లు జీవించుట విశేషము కాదు. ఇరువది యేండ్ల యువకుడు ముచ్చటపడి కొన్న పాము అతని వివాహమును, ఉద్యోగములను, ఇండ్ల మార్పులను దాటి నిలిచి, ఎదుగు వయస్సున నెలకొకసారి, పిదప ఏటికి కొన్నిసార్లు, కుబుసకాలమున అతని శ్రద్ధను కోరుచునే యుండును.

మన దేశపు పాముల విషయమున ఈ చర్చకే తావు లేదు. నాగుపామును, జెర్రిపోతును, కొండచిలువను పట్టి ఇంట నుంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. నాగులచవితికి కోరలు పెరికిన నాగుపాములను బుట్టలలో త్రిప్పుచు, దప్పికచే అవి పాలు త్రాగుటను మహిమగా చూపువారికి కాసులిచ్చుట భక్తి కానేరదు. అంతర్జాతీయ వన్యజీవ వాణిజ్య ఒప్పందపు అనుబంధములలో చేరిన విదేశజంతువులను ఉంచుకొన్నవారు, 2022 నాటి సవరణచే, ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలసియున్నది. బాల్ పైథాను ఆ రెండవ అనుబంధమున కలదు. నమోదు కోరువాని పేరు, ఊరుతోపాటు, అతని పెట్టెలోని తేమను, ఉష్ణమును, సమీపమున లభించు వైద్యుని గురించి కూడ అధికారులు విచారించినచో ఆ చట్టము పామునకు నిజముగా రక్షణ కాగలదు.

అంతవరకు, కొనదలచినవారు ఒక పరీక్షను తామే చేసికొనవచ్చును. పామును తెచ్చుటకు ముందే పెట్టెను సర్వసిద్ధము చేసి, దీపము వెలిగించి, నీటిపళ్లెము నుంచి, హైగ్రోమీటరును అమర్చి, వేసవిలో ఒక మాసము దానిని ఖాళీగానే నడుపుడు. ఉదయమును సాయంకాలమును అంకెను వ్రాసికొనుడు. మాసమంతయు తేమ 60 శాతము దాపున నిలిచినచో పామును గూర్చి యోచింపుడు. నిలువనిచో పెట్టెను మార్చుడు, లేదా ఆ కోరికను మానుడు. ఈ సంగతిని ముందుగా చెప్పక పామును చేతబెట్టి పంపు వర్తకునియొద్ద ఎన్నడును కొనకుడు.