‘సహేతుక’మన్న ఒక్క మాట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు చెప్పారు. పాలకులకు కూడా ఈ సామెత మిక్కిలి ప్రీతిపాత్రమైనది. అయితే ఏ నోరు మంచిదో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు సామెతలో సమాధానం లేదు. దానికోసం ప్రజాస్వామ్య దేశాలు తమ తమ రాజ్యాంగాలను ఆశ్రయించవలసి వచ్చింది.

వక్తృత్వ పోటీకి సిద్ధమవుతున్న ఒక విద్యార్థి, “అమెరికాలో వాక్స్వాతంత్ర్యం సంపూర్ణం, మనకు సగమే కదా సార్?” అని నన్ను అడిగాడు. విద్యావంతులలో అనేకుల అభిప్రాయం కూడా ఇదే. నేను దీనిని పూర్తిగా అంగీకరించలేను.

వాక్స్వాతంత్ర్యాన్ని తగ్గించే చట్టమేదీ కాంగ్రెసు చేయరాదని 1791 నాటి అమెరికా మొదటి సవరణ శాసించింది. మినహాయింపులు వేటినీ పేర్కొనలేదు. అయినప్పటికీ మొదటి ప్రపంచ యుద్ధాన్ని విమర్శిస్తూ ఉపన్యసించినందుకు యూజీన్ డెబ్స్ అనే కార్మిక నాయకునికి పదేండ్ల కారాగార శిక్ష పడింది. 1919లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ శిక్షను సమర్థించింది. అదే సవరణ, అవే అక్షరాలు. 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసు వచ్చేసరికి, తక్షణమే చట్టవిరుద్ధ చర్యకు పురికొల్పేదై, అది జరిగే అవకాశం కూడా ఉన్నప్పుడు తప్ప మాటను శిక్షించరాదని అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో విముక్తుడైనవాడు నల్లవారిని, యూదులను దూషించిన కూ క్లక్స్ క్లాన్ నాయకుడు! జర్మనీలోనైతే నాజీల యూదు సంహారం జరగనే లేదని బహిరంగంగా ప్రచారం చేయడం నేరం. తాము అనుభవించిన చరిత్రను బట్టి ఆ దేశీయులు ఆ గీత గీచుకొన్నారు.

ఇక మన సంగతి. భారతీయ వాక్స్వాతంత్ర్య చరిత్రలోని మొదటి ఘట్టం మనకు దూరమైనది కాదు. 1950లో చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. రాజ్యాంగం అమలులోకి వచ్చి నిండా ఐదు వారాలు కాకముందే, మార్చి 1న, బొంబాయి నుండి వెలువడే ‘క్రాస్ రోడ్స్’ అనే ఇంగ్లీషు వారపత్రిక తమ రాష్ట్రంలో ప్రవేశించరాదని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తిరుపతి వీధులకు కూడా ఆ నిషేధం వర్తించిందన్నమాట. రమేశ్ థాపర్ సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. నాటి రాజ్యాంగం ప్రకారం రాజ్యభద్రతకే ముప్పు వాటిల్లితే తప్ప, కేవలం ప్రజాశాంతి పేరిట పత్రికను అడ్డగించే చట్టం చెల్లదని మే 26న మెజారిటీ పక్షాన జస్టిస్ పతంజలి శాస్త్రి తీర్పు చెప్పారు.

ప్రభుత్వం ఊరుకోలేదు. 1951 జూన్‌లో రాజ్యాంగపు తొలి సవరణ ద్వారా 19(2)లో ప్రజాశాంతి, విదేశాలతో మైత్రి, నేరప్రేరేపణ అనే కారణాలు చేర్చబడ్డాయి. (నాటి పార్లమెంటు ఉపసభాపతి మన తిరుచానూరువారైన అనంతశయనం అయ్యంగారు.) కంచె పెరిగిందన్నది నిజమే. కాని ఆ సవరణలోనే ‘సహేతుకమైన’ అనే విశేషణం కూడా ప్రవేశించింది. దాని విలువ మరుసటి సంవత్సరమే, మళ్ళీ మద్రాసు కేసులోనే తేలింది. వి. జి. రావ్ కార్యదర్శిగా ఉన్న ఒక విద్యాసంఘాన్ని ప్రభుత్వం తన అభిప్రాయం మీదనే చట్టవిరుద్ధమని ప్రకటించగా, న్యాయస్థాన విచారణకు తావివ్వని అటువంటి ఆంక్ష సహేతుకం కాదని 1952లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అది సంఘ స్వాతంత్ర్యానికి సంబంధించిన కేసే అయినా, ఆంక్ష సహేతుకమా కాదా అని తూచే తక్కెడ మనకు అక్కడనే లభించింది.

నేడు 19(2)లోని కారణాలు ఎనిమిది. ఆంక్షకు చట్టం ఉండాలి, అది ఆ ఎనిమిదింటిలో ఒకదాని కిందికి రావాలి, సహేతుకమై ఉండాలి. ఇది సగం స్వేచ్ఛ కాదు. మన లోపం మరొకచోట ఉంది. అరెస్టు ఒక్క రాత్రిలో జరుగుతుంది, తీర్పుకు ఏండ్లు పడుతుంది.

ముస్లింగా ఒక సంగతి చెప్పక తప్పదు. దైవదూషణ చట్టం క్రైస్తవాన్ని మాత్రమే రక్షిస్తుందని 1990లో ఇంగ్లండు న్యాయస్థానం ప్రకటించింది. 2008లో ఆ చట్టమే రద్దయింది. మన 295-ఎ (2024 జూలై నుండి న్యాయసంహితలో 299) అన్ని మతాలకూ సమానమే. ప్రవక్తను దూషిస్తే నా మనస్సు గాయపడుతుంది, కాదనను. కాని బుద్ధిపూర్వకమైన దురుద్దేశం ఉంటేనే ఆ సెక్షన్ వర్తిస్తుందని 1957లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మనవారూ, ఇతరులూ మరచిపోతున్నారు. షేక్‌ను, వాయిజ్‌ను ఎగతాళి చేయని ఉర్దూ గజల్ కవులు అరుదు. మన మనోవేదనకు పిలిచిన పోలీసు రేపు ఆ కవి ఇంటి తలుపు కూడా తట్టగలడు. వేమన నేడు జీవించి ఉంటే ఎన్ని ఫిర్యాదులు వచ్చేవో ఊహించుకోవచ్చు.

కొన్నేండ్ల క్రితం నేను ఒక కళాశాలలో గోడపత్రికకు బాధ్యుణ్ణి. వసతిగృహపు భోజనాన్ని గురించి ఒక విద్యార్థి వ్రాసిన వ్యాసాన్ని, ఎవరూ చెప్పకముందే, నేనే తీసివేశాను. రాజనీతిశాస్త్రం చదివే ఆ కుర్రవాడు, “సార్, ఇది ఎనిమిదింటిలో దేని కిందికి వస్తుంది?” అని అడిగాడు. గోడపత్రికకు 19వ అధికరణం వర్తించదులే అని తప్పించుకొన్నాను. భోజనం బాగులేదన్నది నాకూ తెలుసు. మరుసటి వారం ఆ వ్యాసాన్ని మళ్ళీ అతికించాను. అతడు మాత్రం ఆ సంవత్సరం గోడపత్రికకు మరేమీ వ్రాయలేదు.