కప్పు లేనివారికీ వెలుగులో వాటా కావాలి

పెంచిన విద్యుత్ ఛార్జీలను తగ్గించమని 2000 ఆగస్టు 28న అసెంబ్లీకి బయలుదేరిన జనంపై బషీర్‌బాగ్ కూడలిలో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. కరెంటు బిల్లు పేదవాని ఇంట ఎంతటి బరువో ఆ కూడలి నేటికీ గుర్తుచేస్తూనే ఉంది.

ఇప్పుడు కాలం మారింది. ఇంటి కప్పు మీదే కరెంటు పుడుతోంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన మొత్తం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మంచిదే. అయితే దీనిని అందుకోవడానికి సొంత కప్పు కావాలి, సవ్యమైన కాగితాలు కావాలి, చేతిలో పెట్టుబడి కావాలి. చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీలలో అద్దెకుండే కుటుంబానికి, నలుగురు అన్నదమ్ములు పంచుకున్న పాత ఇంటికి ఈ మూడూ ఎక్కడివి? గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితం ఊరటే గాని, అది ప్రభుత్వమిచ్చే వెసులుబాటు. సొంత ఆస్తి కాదు.

ఈ లోటును పూరించవలసినది స్థానిక సంస్థే. తమిళనాడులోని ఓడంతురై గ్రామ పంచాయతీ 2006లోనే సొంత నిధులకు బ్యాంకు రుణం జోడించి, సుమారు కోటీ 55 లక్షలతో 350 కిలోవాట్ల గాలిమర నెలకొల్పింది. మిగులు కరెంటును విద్యుత్ బోర్డుకు అమ్ముకుంది. ఒకచోట పుట్టిన కరెంటును పలు మీటర్ల బిల్లులలో పంచే పద్ధతికి ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లో మార్గదర్శకాలిచ్చింది. కప్పు లేనివారికి దారి ఇదే.

అందుచేత నగరపాలక సంస్థను మేము కోరేవి మూడు. తన వార్డు కార్యాలయాలు, కమ్యూనిటీ హాళ్లు, మార్కెట్ల కప్పులపై సౌర ఫలకాలు పెట్టి, చుట్టుపక్కల అద్దెదారులకు వాయిదాలపై వాటాలివ్వాలి. ఏప్రిల్‌లో ముందుగా ఆస్తిపన్ను కట్టేవారికి 5 శాతం రాయితీ ఇస్తున్నట్లే, సౌర విద్యుత్తు పెట్టుకున్న ఇళ్లకూ ఇవ్వాలి. ప్రతి వార్డులో తెలుగు, ఉర్దూ భాషలలో దరఖాస్తు నింపిపెట్టే సహాయకుని నియమించాలి. ఫారం అర్థంకాక అర్హులే వెనుదిరగడం గుమాస్తా బల్ల వెనుక నుంచి మేము ఏళ్ల తరబడి చూశాము. సూర్యఘర్ నిబంధనలలో స్థానిక సంస్థలకు ప్రతి ఇంటికి 1,000 రూపాయల ప్రోత్సాహకం ఉన్నది కూడా. ఇక డబ్బు లేదనే సాకు చెల్లదు.

మన బాధ్యత మాటేమిటి? ఇళ్లకిచ్చే ఈ రాయితీ మసీదులకు, మదర్సాలకు వర్తించదు. అయినా కిలోవాటుకు దాదాపు వంద చదరపు అడుగుల స్థలం చాలు. రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. మసీదు కమిటీలు, ముతవల్లీలు ఈ నెలలోనే కప్పు కొలవాలి, దాని బలం ఇంజనీరుకు చూపాలి, పన్నెండు నెలల బిల్లులు కూడాలి, తీర్మానం రాసి కార్పొరేటర్ చేతికివ్వాలి. వక్ఫ్ కప్పు అమానతు. దానిపై పుట్టే ప్రతి యూనిట్ లెక్కా జుమా నాడు గుమ్మం వద్ద అందరికీ కనబడాలి.

నాడు జనం ఛార్జీ తగ్గించమని అడిగారు. నేడు ఉత్పత్తిలోనే వాటా అడుగుదాం.