విమర్శ ఎక్కడ నేరమవుతుంది?

నందిగాం, టెక్కలి, పలాస ప్రాంతాల్లో హక్కుల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడల్లా ఆడవాళ్ళ నుండి ఒక ప్రశ్న వస్తుంది: "గవుర్మెంటుని తిడితే కేసెట్టేత్తారేటమ్మా?" కిడ్నీ జబ్బులతో మనుషులు రాలిపోతున్న ఉద్దానంలో, థర్మల్ కేంద్రాలు వద్దన్నందుకు 2010లో సోంపేటలోనూ, 2011లో కాకరాపల్లిలోనూ పోలీసు కాల్పులు చూసిన జిల్లాలో, ఇది అమాయకపు ప్రశ్న కాదు.

1897లో తిలక్ మీద రాజద్రోహం కేసు విచారించిన బ్రిటిష్ జడ్జి, ప్రభుత్వంపై ప్రేమ లేకపోవడమే నేరమన్నట్టు చట్టానికి అర్థం చెప్పాడు. (ఈ తర్కం సంసారాల్లో ఆడవాళ్ళకు బాగా తెలిసినదే.) 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్యాసానికి 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్ళింది ఈ చట్టం కిందనే. స్వతంత్రం వచ్చాక, 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 124-ఎ సెక్షన్‌ను కొట్టివేయలేదు గాని ఒక గీత గీసింది. ప్రభుత్వాన్ని ఎంత కటువుగా విమర్శించినా నేరం కాదు. ఆ మాటల్లో హింసకు, అల్లర్లకు పురికొల్పే ఉద్దేశమో, స్వభావమో ఉండాలి.

గీత బాగానే ఉంది. అయితే ఉద్దేశాన్ని ముందుగా నిర్ణయించేది సుప్రీంకోర్టు కాదు, ఎఫ్.ఐ.ఆర్. రాసే పోలీసు అధికారి. 1984 అక్టోబరు 31న చండీగఢ్‌లో నినాదాలిచ్చిన ఇద్దరు ఉద్యోగులు నిర్దోషులని తేలింది 1995లో. హైదరాబాదులో నడిచిన బిలాల్ అహ్మద్ కలూ కేసులో కింది కోర్టు రాజద్రోహానికి యావజ్జీవ శిక్ష వేసింది. ప్రభుత్వానికి వ్యతిరేకంగా అతను ఏదైనా చేశాడన్న ఆరోపణే కేసులో లేదని 1997లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది! (ఆయుధాల చట్టం కింద శిక్ష మాత్రం నిలిచింది.) మధ్యలో గడిచిన సంవత్సరాలకు ఎవరూ జవాబుదారీ కాదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో రోజు కూలికి వెళ్ళే మనిషికి జామీను ఎవరిస్తారు? స్టేషను మెట్లెక్కి వచ్చిన ఆడదాన్ని ఊరు ఏమంటుంది? ఉద్దేశం లేదని ఏళ్ళ తర్వాత తేలినా అప్పటికే ఆమె నోరు మూతపడి ఉంటుంది.

2022 మే 11న సుప్రీంకోర్టు 124-ఎను పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి 'రాజద్రోహం' పేరు పోయింది. కానీ 152వ సెక్షన్ వచ్చింది. ప్రభుత్వంపై ద్వేషం, అప్రీతి అన్న పాత మాటలు ఇందులో లేవు, మంచిదే. వాటి స్థానంలో 'విధ్వంసకర కార్యకలాపాలు', 'వేర్పాటువాద భావాలు' వచ్చాయి. వాటికి నిర్వచనం లేదు. ఉద్దేశంతో చేస్తేనే కాదు, 'తెలిసి' చేసినా నేరమే. యావజ్జీవం కాకపోతే మూడేళ్ళ వరకు అని ఉన్న శిక్ష ఏడేళ్ళకు పెరిగింది. చట్టబద్ధ మార్గాల్లో మార్పు కోరే విమర్శను మినహాయిస్తున్నామన్న వివరణ ఉంది గాని, రోడ్డుపై బైఠాయించిన స్త్రీల మార్గం చట్టబద్ధమో కాదో చెప్పేది మళ్ళీ ఆ స్టేషనే.

ఏ మాట, ఏ హింసకు పురికొల్పిందో ఎఫ్.ఐ.ఆర్.లో ఆ మాటల్లోనే రాయాలని, అది రాయలేనప్పుడు ఈ సెక్షన్ పెట్టరాదని మనం కోరాలి. ఈలోగా ఒకటి గుర్తుంచుకోండి: సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు స్త్రీని అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లోనైనా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి, మహిళా అధికారి ఉండాలి. అనుమతి కాగితం చూపించమనండి.