విరిగిన అంకె మీద పుష్కరకాలపు పాలన

సిరిల్ ఆల్డ్రెడ్ రచించిన అఖెనాటెన్ చరిత్రను ఇటీవల మళ్ళీ చదివాను. వచనం హాయిగా సాగుతుంది. శిల్పాల మీద ఆయన చూపు నిశితం. అయినా అందులోని ఒక ప్రతిపాదనతో నాకు పేచీ ఉంది: తండ్రి మూడవ అమెన్‌హోటెప్, కొడుకు అఖెనాటెన్ దాదాపు పుష్కరకాలం కలిసి రాజ్యమేలారన్నది.

ఇది తేదీల తగవు మాత్రమే కాదు. ఆ మాట నిజమైతే, అమూన్‌ను కాదని ఆటెన్‌ను ప్రతిష్ఠించిన విప్లవమంతా తండ్రి కళ్ళెదుటే, బహుశా ఆయన సమ్మతితోనే జరిగినట్లు. కొడుకు తిరుగుబాటు కాస్తా తండ్రి వ్యూహమైపోతుంది. ఇంత బరువైన నిర్ణయానికి ఆధారమెంత?

సహపాలన అంటే యౌవరాజ్యం కాదు. సహపాలకుడు కిరీటధారి, తన పాలనా సంవత్సరాలను తానే లెక్కించుకోగలడు. ఇద్దరి లెక్కలూ వేరైతే, ఒకే రోజుకు రెండు సంవత్సరాంకాలు ఉండాలి. కైరో మ్యూజియంలోని ఒక శిలాఫలకం మీద మొదటి అమెనెమ్‌హాట్ 30వ ఏడు, మొదటి సెనుస్రెట్ 10వ ఏడు జంటగా కనిపిస్తాయి. ఆ రెండూ ఒకే ఏడు కావని వాదించిన పండితులూ ఉన్నారు! హత్‌షెప్సుట్, మూడవ థట్మోస్ అయితే ఒకే లెక్కను పంచుకున్నారు. కనుక సహపాలన ఈజిప్టుకు కొత్త కాదు. కానీ ఒక ఇంట జరిగిన పెళ్ళి పొరుగింటి పెళ్ళికి సాక్ష్యం కాదు. అఖెనాటెన్ తన లెక్కను తానే వేసుకున్నాడు. తండ్రి ఏడుతో దాన్ని జతచేసిన శాసనం ఒక్కటీ లేదు.

ఉన్నదల్లా ఒక విరిగిన అంకె. తండ్రి పోయాక మితన్ని రాజు తుష్రత్త కొత్త రాజుకు రాసిన మట్టిపలక లేఖ మీద ఈజిప్టు గుమాస్తా సిరాతో తేదీ వేశాడు. పలక అంచు విరిగింది. మిగిలింది ‘2’. దాని ముందు పది గుర్తు ఉండేదా? ఉంటే 12, సుదీర్ఘ సహపాలన. లేకుంటే 2, సాధారణ వారసత్వం. రాజు అప్పుడు దక్షిణనగరంలో, అంటే థీబ్స్‌లో ఉన్నాడని అదే గుమాస్తా రాశాడు. 12వ ఏటికి ఆస్థానం ఎప్పుడో అమర్నాకు తరలిపోయింది. 2 అని చదివితే అంతా సహజంగా అమరుతుంది. 12 అని చదివితే ప్రయాణాలు కల్పించుకోవాలి.

2014లో లక్సర్ సమీపాన మంత్రి అమెన్‌హోటెప్ హుయ్ సమాధిలో తండ్రీకొడుకుల పేర్లు పక్కపక్కనే బయటపడగానే, ఇదే తిరుగులేని సాక్ష్యమని ఈజిప్టు పురావస్తు శాఖ ప్రకటించింది. జంటగా చెక్కిన పేర్లు గౌరవానికి గుర్తు కావచ్చు, స్మరణ కావచ్చు. పక్కపక్కన పటాలు వేలాడదీసినంత మాత్రాన తాతా మనవడూ ఒకే కాలంలో ఇల్లు నడిపినట్లా?

విగ్రహాలను చూసి అఖెనాటెన్‌కు రోగాలు అంటగట్టిన పాపం మా వైద్యులకూ ఉంది. అందుకే అడుగుతున్నాను: చిరిగిన కేసు షీటులో పోయిన అంకెను నాకు నచ్చిన నిర్ధారణకు తగినట్లు పూరిస్తే మీరు క్షమిస్తారా? ఆల్డ్రెడ్‌ను చదవండి, ఆనందించండి. ఆ పన్నెండేళ్ళను మాత్రం అప్పుగానే తీసుకోండి. హామీపత్రం ఇంకా రాలేదు.