ఫార్మాట్ కొట్టడమే పరిష్కారమా?

కంప్యూటరు నిలిచిపోతే మనవాళ్లందరి నోటా వచ్చే మందు ఒక్కటే: "ఫార్మాట్ కొట్టు!" యెలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టున్న యీ సలహా మన చదువుకు యెంత నష్టం చేస్తున్నదో చెప్పాలనే యీ నాలుగు మాటలు రాస్తున్నాను.

హాస్టల్లో మా గదిలో ముగ్గురం. నాది జనగామ. మిగతా ఇద్దరినీ అందరూ వూరి పేరుతోనే పిలుస్తారు. ఒకడు మానుకోట, అనగా మహబూబాబాద్, ఇంకొకడు భూపాలపల్లి. 2016 అక్టోబరు దాకా మా మూడు వూళ్లూ పాత వరంగల్లు జిల్లాలోవే. జిల్లాలు వేరైనా మా ప్రాజెక్టు ఒక్కటే. అది వర్చువల్ మెషీన్‌లో వుండేది. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటరులో మరో కంప్యూటరన్నమాట. దాని డిస్కు మన కంప్యూటరులో ఒక పెద్ద ఫైలు మాత్రమే.

వైవాకు రెండు రోజులుందనగా అందులోని లినక్సును అప్‌డేట్ చేశాం. తిరిగి ఆన్ చేస్తే నల్లటి తెర మీద "కెర్నెల్ పానిక్" అని తెల్లటి అక్షరాలు! ఆపరేటింగ్ సిస్టంకు కెర్నెల్ గుండెకాయ వంటిది. ప్రాసెసరును, మెమొరీని, డిస్కును ప్రోగ్రాములన్నిటికీ పంచిపెట్టేది అదే. ఒక ప్రోగ్రాం చెడితే అదొక్కటే పోతుంది. కెర్నెల్ పడితే అన్నీ ఆగిపోతాయి.

"ఇంకేముంది, ఫార్మాట్ కొట్టి మల్ల ఎక్కిద్దాం" అన్నాడు మానుకోట.

"నాలుగు నెలల పని పోతది రా!" అన్నాడు భూపాలపల్లి.

నాకు మా నాయిన గుర్తొచ్చిండు. మా దిక్కు వ్యవసాయం యెక్కువగా బోర్ల మీదే. మోటరు ఆగితే ఆయన వెంటనే స్టార్టరు మళ్లీ నొక్కడు. మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు పోయిందా అని చూస్తాడు. ఒక ఫేజు లేకుండా నడిపితే వైండింగు కాలిపోతుందని ఆయనకు తెలుసు. ఆ పాటి నిదానం డిగ్రీలు చదివే మనకు వుండవద్దా?

మొదట డిస్కు ఫైలుకు కాపీ తీసి పక్కన పెట్టాం. ఇక యేం చేసినా భయం లేదు. తరువాత తెర మీది వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాం. రూట్ ఫైల్ సిస్టం తనకు దొరకలేదని కెర్నెల్ మొర. గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఇంకా వుంది. దాన్ని యెంచుకుంటే మెషీన్ లేచింది! లోపల చూస్తే బూట్ విభాగం పాత కెర్నెళ్లతో పూర్తిగా నిండిపోయి వుంది. కొత్త కెర్నెల్ లేచేటప్పుడు డిస్కును అందుకోవడానికి కావలసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు, చోటు లేక తయారే కాలేదు. మమ్మల్ని లేపినదాన్ని వుంచి, మిగతా పాతవాటిని తీసేసి, ఆ ఫైలును మళ్లీ తయారుచేసి, గ్రబ్‌ను సరిచేశాం. కారణం తెలిశాక పని అరగంటే.

మాది చిన్న ముచ్చట. 2024 జులై 19న ప్రపంచమంతా ఇటువంటిదే చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి పడిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వవలసి వచ్చింది. కెర్నెల్‌లో నడిచే ఆ సంస్థ ప్రోగ్రాం, 20 విలువలే వున్నచోట 21వ దానికోసం చూసి, చదవకూడని మెమొరీని చదవబోవడమే కారణం. మరి యంత్రాలన్నిటినీ ఫార్మాట్ కొట్టమన్నారా? లేదు. సేఫ్ మోడ్‌లో లేపి, తప్పు ఫైలును తీసేయమన్నారు. లేవని వర్చువల్ మెషీన్ల విషయంలో, దాని డిస్కును విడదీసి బాగున్న మరో మెషీన్‌కు తగిలించి, ఆ ఫైలు తీసేసి, తిరిగి యథాస్థానంలో పెట్టడం ఒక మార్గమైంది.

"స్నాప్‌షాట్ వుంటే వెనక్కి పోవచ్చు గదా?" అనవచ్చు. నిజమే, తప్పక తీసి పెట్టుకోవాలి. కాని వెనక్కి పోవడం వేరు, మరమ్మత్తు వేరు. కారణం తెలియకపోతే రేపటి అప్‌డేట్‌కు మళ్లీ అదే గతి.

ల్యాబుల్లో "సెట్టింగులు ముట్టుకోరాదు" అని గోడకు అతికిస్తారు. నలభైమంది వాడే యంత్రం ఒకడి వల్ల చెడగూడదనే అధ్యాపకుల భయం న్యాయమైనదే. అందుకే నేనంటాను, ప్రతి విద్యార్థికీ పూర్తి అధికారాలతో ఒక వర్చువల్ మెషీన్ ఇవ్వండి. చెడగొడితే అతనిదే చెడుతుంది, బాగుచేస్తే అతనికే వస్తుంది. ల్యాబులో ఒక రిజిష్టరు పెట్టండి. యేం కనబడింది, యేది కారణం, యెట్లా సరైంది అన్న మూడు గడులు చాలు. యీ రెంటికీ పెద్ద ఖర్చేమీ లేదు. మన యూనియన్ అడిగే కోరికల్లో యివీ చేరాలి.

1991లో లినక్స్ కెర్నెల్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి హెల్సింకీ విశ్వవిద్యాలయంలో 21 యేండ్ల విద్యార్థి. మన ఈడువాడు రాసినదాన్ని మనం ముట్టుకోవడానికి గూడా భయపడాలా?

మిత్రులారా! వైవాలో మమ్మల్ని దీన్ని గూర్చి యెవరూ అడగలేదు, మార్కులూ రాలేదు. అయినా యీ యేడు నేను నిజంగా నేర్చుకున్నది ఆ ఒక్క రాత్రే. ఇప్పుడు పక్కగదిలో యెవరి మెషీన్ పడినా మానుకోట పరుగెత్తుకు పోయి అడిగే మొదటి మాట ఇది: "ఆగు, తెర మీద ఏం రాసిందో ముందు చదువు!"