చదవవలసిన పుస్తకాల పట్టీ ఎవరు రాయాలి?

కన్యాశుల్కం నాటకంలో గిరీశం వెంకటేశం చేత ఒక పుస్తకాల పట్టీ వేయిస్తాడు. చదవటానికి కాదు, ఇంట్లోవాళ్ల దగ్గర డబ్బు రాబట్టటానికి. పేర్లు ఎంత బరువుగా వినిపిస్తే అంత డబ్బు రాలుతుందని ఆయన లెక్క. గురజాడవారు ఆ నాటకాన్ని 1897లో అచ్చువేసి, 1909లో తిరగరాసి మళ్లీ అచ్చువేశారు. నూరేళ్లు దాటిపోయింది. అయినా హైస్కూలు దాటి కాలేజీకి రాబోయే కుర్రాడి చేతిలో మనవాళ్లు పెడుతున్న పట్టీలు చూస్తే గిరీశం ఇంకా రిటైరు కాలేదనే అనిపిస్తుంది.

ఇప్పుడు దొరికే పట్టీలు రెండు రకాలు. ఒకటి కోచింగు వాళ్లిచ్చేది. మెటీరియలు, క్వశ్చన్ బ్యాంకు, బిట్ బ్యాంకు, పాత పేపర్లు. వీటిని పుస్తకాలనటానికి నాకు నోరు రాదు. రెండోది సెల్‌ఫోనుల్లో తిరిగేది: జీవితంలో చదివి తీరవలసిన నూరు పుస్తకాలు. అందులో నూటికి తొంభై ఇంగ్లీషువే. పంపినవాడు వాటిలో పది కూడా చదివి ఉండడని నాకు గట్టి అనుమానం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయి ఆ నూరు పేర్లూ చూసి ఏమనుకుంటుంది? కాలేజీ చదువు మనలాంటి వాళ్లది కాదేమో అనుకుంటుంది.

పుస్తకాల పట్టీ అంత పెద్ద విషయమా అని మిత్రులు నవ్వవచ్చు. పెద్ద విషయమే. చదువుకున్న ఇళ్లల్లో ఈ పట్టీ కాగితం మీద ఉండదు, నోటిమాటగా ఉంటుంది. బాబాయి ఒక పుస్తకం ఇస్తాడు. అమ్మమ్మ భోజనాల దగ్గర ఒక కథ తలుచుకుని నవ్వుతుంది. బీరువాలో అట్ట ఊడిపోయిన నవల ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆ ఇంటి పిల్లలకు ఎవరూ ఏమీ నేర్పినట్టుండదు, కాని పదహారో ఏడు వచ్చేసరికి పాతిక పుస్తకాల పేర్లు తెలిసి ఉంటాయి. వాళ్ల నాన్నకు సంతకం పెట్టటమే వచ్చిన ఇంటి నుంచి, హాస్టలు సీటు పట్టుకుని వచ్చినవాడికి ఆ పట్టీ ఎవరిస్తారు? క్లాసులో లెక్చరరు గారు ఒక రచయిత పేరు అని, అందరికీ తెలిసిందేగా అని ముందుకు వెళ్లిపోతారు. ముందు బెంచీ వాళ్లు తలలూపుతారు. వీడూ ఊపుతాడు. ఆ తల ఊపటం మూడేళ్లూ సాగుతుంది. అంచేత నా మాట ఏమిటంటే, ఇంట్లో నోటిమాటగా ఆ పట్టీ దొరకనివాళ్లకు దాన్ని కాగితం మీద రాసి ఇవ్వవలసిన బాధ్యత కాలేజీది.

ఇక టెన్త్‌కూ డిగ్రీకీ మధ్య ఏం జరుగుతోందో చూడండి. టెన్త్ దాకా తెలుగు వాచకం, దాని వెనక ఉపవాచకం ఉంటాయి. ఎంత అయిష్టంగా చదివినా కథ అనేది ఒకటి కంటపడుతుంది. ఇంటర్‌లో చేరగానే చాలామంది చేత సెకండ్ లాంగ్వేజీగా సంస్కృతం తీసుకోనిస్తారు. ఎందుకయ్యా అంటే మార్కులు బాగా వస్తాయని. సంస్కృతం మీద నాకు కోపం లేదు. కాళిదాసు మీద అసలే లేదు. కాని మార్కుల కోసం పట్టుకున్నవాడికి ఆ సంస్కృతమూ రాలేదు, ఉన్న తెలుగూ పోయింది. ఆ రెండేళ్లూ ఎంపీసీ, బైపీసీ పిల్లలు ఎంట్రన్సు కోసం తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చుంటారు. 1986లో మొదలైన ఎంసెట్‌కు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ పేరు మారింది, కూర్చోబెట్టే పద్ధతి మాత్రం మారలేదు. సరిగ్గా పదహారు పదిహేడేళ్ల వయసు, మనిషి పుస్తకాలను పిచ్చిగా చదవగలిగే వయసు, అలా గడిచిపోతోంది. సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకు తీరిక కొంచెం ఎక్కువే గాని, ఏం చదవాలో చెప్పే నాథుడు వాళ్లకూ లేడు.

సరే, పట్టీ కావాలి. అయితే దాన్ని పరీక్షకు ముడిపెడదాం అనే పెద్దలు వెంటనే బయల్దేరతారు. ఆ ముచ్చట అమెరికావాళ్లు ఎప్పుడో తీర్చుకున్నారు. హార్వర్డ్ కాలేజీ 1874లో, తనలో చేరదలచినవాళ్లు ఫలానా ప్రసిద్ధ రచనల మీద వ్యాసం రాయాలని నియమం పెట్టింది. మిగతా కాలేజీలూ అదే దారి పట్టాయి. కొన్నాళ్లకు హైస్కూళ్లన్నీ ఆ పుస్తకాల్నే చెప్పవలసి వచ్చింది, పిల్లవాడు కాలేజీకి వెళ్లేవాడైనా కాకపోయినా. దాని మీద విసిగిపోయిన ఇంగ్లీషు టీచర్లు 1911లో చికాగోలో సమావేశమై తమ జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం పుట్టటానికి ముఖ్య కారణమే ఈ పట్టీల పెత్తనం. మన దగ్గర అయితే అంత కాలం కూడా పట్టదు. మాలపల్లి నుంచి రెండు మార్కుల బిట్టు వస్తుందని తెలిస్తే తెల్లారేసరికి మాలపల్లికి గైడు వస్తుంది.

తెలుగువాళ్లకు మంచి పట్టీ వేయటం చేతకాదని మాత్రం ఎవరూ అనకండి. కొమర్రాజు లక్ష్మణరావుగారు, ఆయన మిత్రులు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్రలు వరసగా తెలుగులో వేశారు. ఇంగ్లీషు రానివాడు ఏం తెలుసుకోవాలి అని ముందు ఆలోచించుకుని, ఆ పుస్తకాలు లేకపోతే వాటిని రాయించారు. అది పట్టీ వేయటమంటే! మనం రాయించనక్కర్లేదు. ఉన్నవాటి పేర్లు చెబితే చాలు.

నన్నడిగితే పట్టీ ఇరవై పేర్లు మించకూడదు. మొదటి పేరు కుటుంబరావుగారి 'చదువు'. సుందరమనే కుర్రాడి చదువు అక్షరాభ్యాసం నుంచి యూనివర్సిటీ దాకా ఎలా సాగిందో, దానివల్ల ఏం ఒరిగిందో ఏమీ గొంతు పెంచకుండా చెప్పిన నవల అది. కాలేజీకి వచ్చేవాడికి అంతకంటే దగ్గరి పుస్తకం నాకు తోచదు. గాంధీగారి పిలుపుతో కాలేజీ వదిలేసిన కుర్రాడి కథ, మహీధర రామమోహనరావుగారి 'కొల్లాయిగట్టితేనేమి', దాని పక్కన పెడతాను. జాషువాగారి 'గబ్బిలం' ఉండాలి. అది పద్యకావ్యం కదా, పిల్లలు భయపడతారు అంటారు. భయపడరు, నలుగురూ కూర్చుని పైకి చదివితే. మన తాతముత్తాతలు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో తెలుసుకోవాలంటే సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఉంది. తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే వచ్చింది. హిస్టరీ అంటే తేదీలనుకునేవాడికి అది మంచి మందు.

అసలు పుస్తకమే ముట్టనివాడికి వేరే గుమ్మం కావాలి. వాడికి నామిని 'మిట్టూరోడి కతలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' ఇవ్వండి. ఇంట్లో మాట్లాడే మాటే అచ్చులో కనబడితే వాడి ముఖం ఎలా విప్పారుతుందో చూసి తీరాలి. అలెక్స్ హేలీ నవలను సహవాసిగారు 'ఏడుతరాలు'గా తెలుగులోకి సంక్షిప్తం చేశారు. మా హాస్టల్లో ఒకే రాత్రిలో చదివేసిన వాళ్లున్నారు, మర్నాడు ఇంటర్నల్ ఉన్నా సరే. సైన్సు వాళ్ల కోసం మహీధర నళినీమోహన్‌గారి పుస్తకాలు, మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పెరల్మాన్ భౌతికశాస్త్రం వెతకవచ్చు. ఇంగ్లీషులో మొదలుపెట్టవలసింది డికెన్సుతో కాదు. ఆర్.కె. నారాయణ్ 'ది బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్' (1937) చాలు. బీఏ చదివే చంద్రన్ కథ. అది మొదలయ్యేదే కాలేజీ యూనియన్ డిబేటు గొడవతో, మన సెక్రటరీగారు కూడా చదువుకోవచ్చు.

ఇవి నా ఇష్టాలు. మీరు ఒప్పుకోనక్కర్లేదు. వేయిపడగలు లేదేమని, మహాప్రస్థానం లేదేమని అప్పుడే కొందరు చొక్కా చేతులు మడుస్తుంటారు. మంచిదే, ఆ పోట్లాట జరగాలి. పట్టీ ఎవరి ఇంట్లోనో కూర్చుని ఒకరు రాసేది కాకూడదు. ఫైనలియర్ వాళ్లు, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు, లైబ్రేరియన్‌గారు కలిసి కూర్చుని, తాము చదివిన పుస్తకాలే చెప్పాలి. చదవనిది ఎంత గొప్పదైనా రాయకూడదు. ప్రతి పేరు కింద రెండు వాక్యాలు: ఎందుకు చదవాలి, ఎక్కడ విసుగు పుడుతుంది. విసుగు పుట్టే చోటు కూడా చెప్పాలండీ. లేకపోతే అరవయ్యో పేజీలో ఆగిపోయినవాడు లోపం తనదే అనుకుంటాడు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయంటే, మొదటి చోటు మన లైబ్రరీయే. పాత పుస్తకాల వెనక తేదీలు కొట్టే చీటీ ఉంటుంది, చూశారా? చీటీ మీద చీటీ అంటించిన పుస్తకం ఏదో అదే ఇన్నేళ్ల విద్యార్థులు వేసిన అసలు పట్టీ. కంప్యూటరు వచ్చిన చోట ఆ చీటీ పోయింది గాని, ఏ పుస్తకం ఎన్నిసార్లు ఇచ్చారో కంప్యూటరే చెబుతుంది, అడగాలంతే. తరవాత విశాలాంధ్ర, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి వాళ్ల క్యాటలాగులు. జనవరిలో విజయవాడ పుస్తకాల పండుగకు వెళ్లేవాళ్లు సంచీతో పాటు ఒక నోటుబుక్కు పట్టుకెళితే సగం పని అవుతుంది. అచ్చులో లేని పాత పుస్తకాలు స్కాను చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఊరికే దొరుకుతున్నాయి. సెల్‌ఫోనును తిట్టేవాళ్లతో నేను పూర్తిగా చేరను.

పట్టీలో ఉన్న ప్రతి పుస్తకమూ మన లైబ్రరీలో ఏ బీరువాలో, ఏ నంబరు కింద ఉందో పక్కనే రాయాలి. లేనిదైతే కొనాలి. పది కాపీలు కొనాలి, ఒకటి కాదు. ఒక్కటుంటే అది ఎప్పుడూ ఎవరో మాస్టారి ఇంట్లోనే ఉంటుంది (పెద్దలు క్షమించాలి). ఇరవై పేర్లకు పది చొప్పున రెండువందల పుస్తకాలు. యానివర్సరీ నాడు లైటింగుకూ సౌండుకూ పెట్టే ఖర్చు పక్కన పెట్టి చూస్తే ఇదేమంత భారం కాదు.

వచ్చే కమిటీవారికి నా విన్నపం ఇది. అడ్మిషన్లు మొదలయ్యే లోపల నాలుగు పేజీల పట్టీ తయారుచేసి, దరఖాస్తు ఫారంతో పాటు చేతిలో పెట్టండి. చుట్టుపక్కల జూనియర్ కాలేజీలకు, ప్రభుత్వ హైస్కూళ్లకు యాభయ్యేసి కాపీలు పంపండి, టెన్త్ పరీక్షలు అయిన వారంలోనే. అప్పుడైతే పిల్లలకు చేతిలో వేసవి సెలవులుంటాయి. అడ్రసు దగ్గర యూనియన్ ఆఫీసు రాయకండి, అది ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. లైబ్రరీ కౌంటరు అని రాయండి.