రాయి పలికినంత వరకే

మధ్యయుగంలో యూదులు దక్షిణ భారతంలో స్థిరపడ్డారనడానికి గట్టి ఆధారాలు కేరళ తీరంలో ఉన్నాయి. వాటిలో పాతది క్రీ.శ. 849 నాటి కొల్లం రాగి శాసనం. అది ఒక క్రైస్తవ చర్చికి ఇచ్చిన దానపత్రం. అయినా సాక్షుల సంతకాల్లో కొన్ని హీబ్రూ లిపిలో రాసిన పారశీక భాషలో ఉన్నాయి. రాజపత్రం మీద సాక్షి సంతకం పెట్టేంత పరపతి యూదు వర్తకులకు అప్పటికే ఉందన్నమాట.

క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ యూదు ప్రముఖుడు జోసెఫ్ రబ్బాన్‌కు 72 హక్కులు రాసిచ్చాడు. పల్లకి, గొడుగు, పగటి దివిటీ, భేరి, తోరణం వాటిలో కొన్ని. కొడుకులతో పాటు కూతుళ్లకు, మేనల్లుళ్లకు, అల్లుళ్లకు కూడా అవి ఆచంద్రార్కం చెల్లుతాయని ఆ రాగిరేకులు చెబుతాయి.

కేరళలోనే చేందమంగళంలో 1269 నాటి సమాధి ఫలకం ఉంది. దాని మీది హీబ్రూ అక్షరాలు ఇశ్రాయేలు కుమార్తె సారా పేరు చెబుతాయి. కొచ్చంగాడిలో 1344లో కట్టిన ప్రార్థనాలయం కూలిపోయినా దాని శిలాఫలకం మట్టంచేరిలో భద్రంగా ఉంది.

జోసెఫ్ రబ్బాన్ శాసనంలో కనిపించే ‘అంజువణ్ణం’ అనే వర్తక శ్రేణి పేరు విశాఖపట్నం శాసనాల్లోనూ ఉంది. అయితే ఆ శ్రేణిలో యూదులతో పాటు పశ్చిమాసియా క్రైస్తవులు, ముస్లింలు కూడా ఉండేవారని చరిత్రకారుల అభిప్రాయం. ఆ ఒక్క మాట పట్టుకుని విశాఖలో యూదుల పేట ఉండేదని తేల్చడం తగదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతాన్ని ఆచరించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకునే ఈ సమాజం ప్రార్థనాలయం 1991 నాటిది. పూర్వీకుల గురించి వారు చెప్పుకునేది తరతరాల నోటిమాట. అది గౌరవించదగినదే. కానీ నోటిమాటను, శాసనాన్ని ఒకే తూకంలో వేయకూడదు.

అక్షరం విలువ భద్రాద్రి జిల్లా వాసులకు మరింత బాగా తెలియాలి. పినపాక మండలం జానంపేటలోని రాక్షసగూళ్లు, అంటే ప్రాచీన రాతి సమాధులు, చేందమంగళం ఫలకం కన్నా ఎంతో పాతవి. కానీ వాటి కింద పడుకున్నవారి పేర్లు ఎవరికీ తెలియవు, ఎందుకంటే ఆ రాళ్ల మీద రాత లేదు. అక్కడ ఎముక, కుండపెంకు, రాళ్లను పేర్చిన తీరే సాక్ష్యం. గుప్తనిధుల ఆశతో తవ్వేస్తే ఆ సాక్ష్యమూ మిగలదు. రాతి మీద రాత ఉన్నా లేకపోయినా, దాన్ని ఉన్నచోట ఉన్నట్టు కాపాడుకోవడం ఊరి బాధ్యత, ప్రభుత్వ బాధ్యత కూడా.